వీఐపీ ఇస్తే టీఎల్‌ఆర్4 నిజంగా తగ్గిందా? ఒప్పుకునే ముందు చూడాల్సినవి

ప్రశ్న (కుదించి రాస్తున్నాను): కడపలో బయోకెమిస్ట్రీ పీహెచ్‌డీ. టీహెచ్‌పీ-1 కణాలను (ల్యాబులో పెంచే మానవ మోనోసైట్ కణాలు) పీఎంఏ అనే రసాయనంతో మాక్రోఫేజ్‌లుగా (క్రిములను మింగే రోగనిరోధక కణాలు) మార్చి, 24 గంటలు వీఐపీలో (వాసోయాక్టివ్ ఇంటెస్టైనల్ పెప్టైడ్) ఉంచి, తర్వాత మి.లీ.కు 1 మైక్రోగ్రాము ఎల్‌పీఎస్ (బ్యాక్టీరియా పొరలోని ఎండోటాక్సిన్) ఇచ్చారు. రెండుసార్లు టీఎన్‌ఎఫ్ (వాపు పెంచే సంకేత ప్రోటీన్) సగానికి పడిపోయింది, జీఏపీడీహెచ్‌తో పోల్చి చూస్తే టీఎల్‌ఆర్4 (ఎల్‌పీఎస్‌ను గుర్తుపట్టే రిసెప్టర్) ఎంఆర్‌ఎన్‌ఏ కూడా తగ్గింది. మూడోసారి ఏ తేడా లేదు. సబ్‌స్టెన్స్-పి అనే మరో పెప్టైడ్‌ను ఎల్‌పీఎస్ లేకుండా ఇస్తే 10 మైక్రోమోలార్ దగ్గర మాత్రమే టీఎన్‌ఎఫ్ పెరిగింది. వీఐపీ ఒక్క వయలే మిగిలింది. "వీఐపీ టీఎల్‌ఆర్4ను తగ్గిస్తుంది" అని థీసిస్‌లో రాయొచ్చా? కర్నూలు పెద్దాసుపత్రికి వచ్చే కీళ్లవాతం రోగుల రక్తంతో ఇదే ప్రయోగం చేయొచ్చా?

సమాధానం:

ఇప్పుడు మీ దగ్గరున్న డేటాతో ఆ వాక్యం రాయకండి. వీఐపీ పని చేయదని కాదు. అది టీఎన్‌ఎఫ్‌ను, వాపు పెంచే ఐఎల్-12ను తగ్గించి, వాపు తగ్గించే ఐఎల్-10ను పెంచుతుందని పాతికేళ్లుగా ఎన్నో ల్యాబులు చూపించాయి. మాడ్రిడ్‌లోని కంప్లుటెన్స్ యూనివర్సిటీ వాళ్లు కీళ్లవాతం రోగుల సైనోవియల్ ఫైబ్రోబ్లాస్టుల్లో (కీళ్ల లోపలి పొర కణాలు) ఎల్‌పీఎస్‌తోనో టీఎన్‌ఎఫ్‌తోనో పెరిగిన టీఎల్‌ఆర్4ను వీఐపీ కిందికి దించుతుందని కూడా చూపారు. కానీ రిసెప్టర్ తగ్గడం వేరు, రిసెప్టర్ ఉన్నా దాని సంకేతం లోపలికి పోకపోవడం వేరు. తలుపే తీసి పక్కన పెట్టడానికీ, తలుపు తట్టినా లోపలివాళ్లు పలకకపోవడానికీ ఎంత తేడా ఉందో దీనికీ అంతే. మీ ప్రయోగం ఈ రెంటినీ విడదీయలేదు. పైగా ఈ రెండూ జరగకుండానే అచ్చం ఇలాంటి ఫలితం రావడానికి మరో రెండు దారులున్నాయి: ఎండోటాక్సిన్ టాలరెన్స్ (ముందే కొంచెం ఎల్‌పీఎస్ తగిలి కణం మొద్దుబారడం), కణాలు చచ్చిపోవడం.

ముందు జీవశాస్త్రం కొంచెం, ఎందుకంటే ఏ కంట్రోల్ ఎందుకు పెడుతున్నామో దాన్నుంచే తెలుస్తుంది.

వీఐపీ 28 అమైనో ఆమ్లాల పెప్టైడ్. 1970లో సామీ సయీద్, విక్టర్ ముట్ పంది పేగు నుంచి వేరు చేశారు. దానికి వీపీఏసీ1, వీపీఏసీ2 అని రెండు ముఖ్యమైన రిసెప్టర్లు. రెండూ జీఎస్ ప్రోటీన్ ద్వారా సైక్లిక్ ఏఎంపీ అనే కణం లోపలి సంకేత అణువును పెంచుతాయి. దాంతో పీకేఏ అనే ఎంజైము చురుకై, వాపు జన్యువులను నడిపే ఎన్ఎఫ్-కప్పాబీ పనికి అడ్డం పడుతుంది. ఇదంతా నిమిషాల మీద మొదలయ్యే వ్యవహారం, టీఎల్‌ఆర్4 కణం మీద ఎంత ఉందన్నదానితో దీనికి సంబంధం లేదు. రెండో దారి నిదానం. టీఎల్‌ఆర్4 జన్యువును నడిపే ముఖ్యమైన ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లలో పీయూ.1 ఒకటి. వీఐపీ దాన్ని అణిస్తే కొత్త టీఎల్‌ఆర్4 తయారీ తగ్గుతుంది, అప్పటికే పొర మీదున్నది అరిగిపోయేకొద్దీ గంటల తరబడి మొత్తం పడిపోతుంది. మీరు 24 గంటలు ముందుగా ఇచ్చారు కాబట్టి రెండు దారులూ కలిసిపోయాయి.

సీజీఆర్‌పీ అనే నరాల పెప్టైడ్ కూడా సైక్లిక్ ఏఎంపీ వైపే. డెండ్రిటిక్ కణాల్లో అది ఐసీఈఆర్ అనే అణిచివేసే ఫ్యాక్టర్‌ను త్వరగా తెప్పించి, టీఎల్‌ఆర్4 ఉత్తేజం వల్ల వచ్చే టీఎన్‌ఎఫ్‌ను మొదటి గంటల్లోనే నొక్కేస్తుంది. ఇక్కడ రిసెప్టర్ తగ్గాల్సిన అవసరమే లేదు. 13 అమైనో ఆమ్లాల ఆల్ఫా-ఎంఎస్‌హెచ్ హార్మోన్ ఎంసీ1ఆర్, ఎంసీ3ఆర్ రిసెప్టర్ల ద్వారా ఇలాంటి పనే చేస్తుంది. అంటే మీకు టీఎన్‌ఎఫ్ తగ్గిందంటే అది వీఐపీకి ప్రత్యేకమైన గుణం అనుకోవద్దు. మాక్రోఫేజ్‌లో సైక్లిక్ ఏఎంపీ పెంచే ఏ పదార్థం ఇచ్చినా, ఫోర్‌స్కోలిన్ అయినా ప్రోస్టాగ్లాండిన్ ఈ2 అయినా, టీఎన్‌ఎఫ్ తగ్గుతుంది. అందుకే ఫోర్‌స్కోలిన్ బావి (కల్చర్ ప్లేటులోని చిన్న గుంట) లేని వీఐపీ ప్లేటు నా దృష్టిలో సగం ప్లేటు.

సబ్‌స్టెన్స్-పి ఎదురు దిక్కున ఉంటుంది. 11 అమైనో ఆమ్లాలు, 1931లో ఫాన్ ఆయ్‌లర్, గ్యాడం కనిపెట్టారు. ఎన్‌కే1 రిసెప్టర్ ద్వారా కాల్షియం, పీకేసీ ఎంజైము, ఎన్ఎఫ్-కప్పాబీ వైపు నడిపిస్తుంది. దాని సంగతి విడిగా చెబుతాను.

మూడోసారి ఎందుకు రాలేదు?

మొదటి అనుమానం ఎల్‌పీఎస్ మోతాదు మీద. మి.లీ.కు 1 మైక్రోగ్రాము చాలా ఎక్కువ. టీఎల్‌ఆర్4 సంకేతం 1 నుంచి 10 నానోగ్రాముల దగ్గరే దాదాపు నిండుకు వస్తుంది. దానికి వందరెట్లు పోస్తే, ఉపరితల రిసెప్టర్ సగం తగ్గినా మిగిలిన సగంతోనే కణం పూర్తిగా స్పందిస్తుంది. అప్పుడు వీఐపీ ప్రభావం కనబడటం కణాల ఆరోజు పరిస్థితి మీద ఆధారపడుతుంది, ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. ముందు 0.1, 0.3, 1, 3, 10, 100 నానోగ్రాములతో ఒక డోస్ కర్వ్ గీసి, గరిష్ఠ టీఎన్‌ఎఫ్‌లో 50 నుంచి 70 శాతం ఇచ్చే మోతాదును ఎంచుకోండి. ఇంకో లాభం కూడా ఉంది. మామూలు గ్రేడు ఎల్‌పీఎస్‌లో బ్యాక్టీరియా లైపోప్రోటీన్లు కలిసి ఉంటాయి, అవి టీఎల్‌ఆర్2ను లేపుతాయి. 1 మైక్రోగ్రాము పోస్తే ఆ కల్తీ కూడా పనిచేసే మోతాదుకు చేరుతుంది. టీఎల్‌ఆర్4 గురించి మాట్లాడాలంటే అల్ట్రాప్యూర్ గ్రేడే కొనాలి. ఎల్‌పీఎస్ ప్లాస్టిక్‌కు అంటుకుంటుంది, గుంపులు కడుతుంది. స్టాక్ తీసిన ప్రతిసారీ కనీసం ఒక నిమిషం గట్టిగా వోర్టెక్స్ చేయండి.

రెండో అనుమానం పెప్టైడ్ మీదే. వీఐపీకి 17వ స్థానంలో మెథియోనిన్ ఉంది, గాలికి ఆక్సీకరణం చెందుతుంది. పలుచటి ద్రావణంలో ట్యూబు గోడలకు అంటుకుపోతుంది. కణాల దగ్గరికి చేరాక డీపీపీ-4, నెప్రిలైసిన్ లాంటి ఎంజైములు కోసేస్తాయి. రక్తంలో దాని అర్ధాయువు ఒకటి రెండు నిమిషాలే. సీరం ఉన్న మీడియంలో ఒక్కసారి పోసి 24 గంటలు వదిలేస్తే, చివరి గంటల్లో కణం చూసేది వీఐపీని కాదు, దాని ముక్కల్ని.

స్టాక్ చేసే లెక్క ఒకసారి పూర్తిగా చూద్దాం, చాలామంది ఇక్కడే జారుతున్నారు. వయల్ మీద 1 మి.గ్రా. అని ఉంటుంది, అందులో ఉప్పు, తేమ పోగా అసలు పెప్టైడ్ ఎంతో సర్టిఫికెట్‌లో "నెట్ పెప్టైడ్ కంటెంట్" కింద ఉంటుంది. అది 80 శాతం అనుకోండి: 0.8 మి.గ్రా. వీఐపీ అణుభారం 3,326. 0.8 మి.గ్రా.ను దాంతో భాగిస్తే 0.24 మైక్రోమోల్. దీన్ని 2.4 మి.లీ. స్టెరైల్, ఎండోటాక్సిన్ లేని నీళ్లలో కలిపితే 100 మైక్రోమోలార్ స్టాక్. లో-బైండ్ ట్యూబుల్లో 50 మైక్రోలీటర్ల చొప్పున 48 ట్యూబులు వస్తాయి. మైనస్ 80లో పెట్టండి, ఒక ట్యూబు ఒక ప్రయోగానికే, మిగిలింది పారేయండి. ప్రయోగం రోజున 0.1 శాతం బీఎస్‌ఏ (ఆవు రక్తపు ఆల్బుమిన్) ఉన్న మీడియంలో వందరెట్లు పలచన చేస్తే 1 మైక్రోమోలార్. 500 మైక్రోలీటర్ల బావిలో అందులోంచి 5 మైక్రోలీటర్లు వేస్తే 10 నానోమోలార్. వీఐపీకి పని చేసే పరిధి 0.1 నుంచి 100 నానోమోలార్, 10 దగ్గర మొదలుపెట్టడం సబబు.

వేసవిలో మన వైపు కరెంటు కోతలూ, 42 డిగ్రీల ఎండా కలిసినప్పుడు మైనస్ 80 తలుపు తెరిస్తే ఉష్ణోగ్రత ఎంత ఎగబాకుతుందో మీకు తెలిసిందే. ట్యూబులన్నీ ఒకే ఫ్రీజర్లో పెట్టొద్దు, సగం ఇంకో డిపార్ట్‌మెంట్ ఫ్రీజర్లో పెట్టండి. హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో కొరియర్‌లో పొడిగా వచ్చిన పెప్టైడ్‌కు రెండు రోజుల ప్రయాణం వల్ల పెద్దగా నష్టం ఉండదు. నష్టమంతా కలిపాకే. వయల్ చల్లగా ఉన్నప్పుడే మూత తీస్తే గాలిలో తేమ పొడి మీద చేరుతుంది, గది వేడికి వచ్చాకే తెరవండి.

పెప్టైడ్ బతికుందా లేదా అన్నది ఊహించక్కర్లేదు, కొలవొచ్చు. కణాలకు 0.5 మిల్లీమోలార్ ఐబీఎంఎక్స్ (సైక్లిక్ ఏఎంపీ విరిగిపోకుండా ఆపేది) 15 నిమిషాలు ఇచ్చి, 10 నానోమోలార్ వీఐపీ వేసి, 10 నిమిషాలకు లైసేట్ తీసి సైక్లిక్ ఏఎంపీ ఎలైసా చేయండి. పక్కన 10 మైక్రోమోలార్ ఫోర్‌స్కోలిన్. ఫోర్‌స్కోలిన్‌కు పెరిగి వీఐపీకి పెరగకపోతే పెప్టైడ్ అయినా పోయింది, మీ పాసేజ్ (కల్చర్‌లో తిరిగి నాటిన తరం) కణాల్లో వీపీఏసీ1 అయినా తగ్గింది. కొత్త ట్యూబుతో మళ్లీ చేస్తే ఏదో తేలిపోతుంది. ఈ ఒక్క పరీక్ష ప్రతి కొత్త బ్యాచ్‌కూ చేస్తే "ఒకసారి వచ్చింది, ఒకసారి రాలేదు" అనే బాధ సగం తీరుతుంది.

మూడో అనుమానం పీఎంఏ. అది పీకేసీని లేపుతుంది, పీకేసీ ఎన్ఎఫ్-కప్పాబీని లేపుతుంది. మి.లీ.కు 100 నానోగ్రాములు ఇచ్చి మర్నాడే ప్రయోగం చేస్తే కణాలు ముందే మండుతూ ఉంటాయి. 25 నానోమోలార్, అంటే మి.లీ.కు సుమారు 15 నానోగ్రాములు, 48 గంటలు ఇవ్వండి. తర్వాత కడిగి పీఎంఏ లేని మీడియంలో మరో 48 గంటలు విశ్రాంతి. టీహెచ్‌పీ-1ను మి.లీ.కు 10 లక్షల కణాలు దాటనివ్వొద్దు, పాత పాసేజ్‌లు వాడొద్దు. ఎండాకాలంలో ఇంక్యుబేటర్ ట్రేలో నీళ్లు త్వరగా ఇంకిపోతాయి. ప్లేటు అంచు బావుల్లో మీడియం ఆవిరై పెప్టైడూ ఎల్‌పీఎస్సూ చిక్కబడతాయి. అంచు బావుల్లో కణాలు పెట్టకుండా పీబీఎస్ పోయండి.

ఎండోటాక్సిన్ టాలరెన్స్: ఎక్కువమందిని మోసం చేసేది

మాక్రోఫేజ్‌కు ముందుగా కొద్దిపాటి ఎల్‌పీఎస్ తగిలితే, మరుసటి రోజు పూర్తి మోతాదు ఇచ్చినా టీఎన్‌ఎఫ్ తక్కువే వస్తుంది. ఇప్పుడు మీ ప్రయోగం చూడండి: ముందు ఏదో 24 గంటలు ఇచ్చారు, తర్వాత ఎల్‌పీఎస్ ఇచ్చారు, టీఎన్‌ఎఫ్ తగ్గింది. ఆ "ఏదో"లో ఎండోటాక్సిన్ జాడ ఉన్నా ఇదే ఫలితం వస్తుంది. అందుకే ఈ డిజైన్‌లో కల్తీ వీఐపీలాగే నటిస్తుంది.

అయితే భయపడేముందు లెక్క వేయాలి. 1 నానోగ్రాము ఎల్‌పీఎస్ సుమారుగా 10 ఎండోటాక్సిన్ యూనిట్లు. 10 నానోమోలార్ వీఐపీ అంటే మి.లీ.కు 33 నానోగ్రాములు. పొడిలో మిల్లీగ్రాముకు 100 యూనిట్ల కల్తీ ఉందనుకున్నా బావిలోకి వచ్చేది 0.0033 యూనిట్లే, కణం పట్టించుకోదు. కాబట్టి ఆ మోతాదులో అనుమానం పొడి మీద కాదు. బీఎస్‌ఏ మీద పెట్టుకోండి. వీఐపీ బావుల్లో సీరం తీసేసి మొత్తం మీడియంలో 0.1 శాతం బీఎస్‌ఏ వాడే అలవాటు చాలా ల్యాబుల్లో ఉంది. అంటే మి.లీ.కు 1 మి.గ్రా. సాధారణ గ్రేడు బీఎస్‌ఏలో మిల్లీగ్రాముకు 1 యూనిట్ ఉన్నా చాలు, బావిలో 1 యూనిట్, అంటే సుమారు 100 పికోగ్రాముల ఎల్‌పీఎస్. మాక్రోఫేజ్‌కు అది బాగానే తెలుస్తుంది. కంట్రోల్ బావిలో కూడా అదే బీఎస్‌ఏ ఉంటే రెండూ సమానంగా మొద్దుబారతాయి, ప్రభావం కనబడదు. కంట్రోల్‌లో ఉత్త మీడియం పోస్తే లేని ప్రభావం కనబడుతుంది. మీ మూడు ప్రయోగాల్లో కంట్రోల్ బావిలో ఏం పోశారో నోట్‌బుక్ తీసి చూడండి, జవాబు అక్కడే దొరికే అవకాశం ఎక్కువ.

చేయాల్సింది: తక్కువ ఎండోటాక్సిన్ బీఎస్‌ఏ కొనండి, వెహికల్ కంట్రోల్‌ను (పెప్టైడ్ ఒక్కటీ లేని ద్రావణం) వీఐపీ ట్యూబుతో పాటే, అదే ద్రావణంతో, అదే పలచనతో తయారు చేయండి. స్టాక్‌నూ, మీడియంనూ ఎల్‌ఏఎల్ (ఎండోటాక్సిన్ కొలిచే) పరీక్ష చేయించండి. ల్యాబు డిస్టిల్డ్ వాటర్‌ను ఆటోక్లేవ్ చేసి "స్టెరైల్" అనుకుంటాం. బ్యాక్టీరియా చస్తుంది కానీ ఎండోటాక్సిన్ 121 డిగ్రీలకు పోదు. గాజు సామాను పొడి వేడిలో 250 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉండాలి. మీ హాట్ ఎయిర్ ఓవెన్ 180 దాటకపోతే గాజు మానేసి, ప్యాకెట్ విప్పని ప్లాస్టిక్ వాడండి. పెప్టైడ్‌ను మరిగించి కంట్రోల్‌గా పెట్టే పద్ధతి పెద్ద ప్రోటీన్లకు సరే. చిన్న పెప్టైడ్ మరిగినా చాలావరకు అలాగే ఉంటుంది, కాబట్టి అది ఏమీ తేల్చదు. ఎండోటాక్సిన్‌ను కట్టేసే పాలీమిక్సిన్-బి మి.లీ.కు 10 మైక్రోగ్రాములు మంచి కంట్రోలే, కానీ రెండో దశలో ఎల్‌పీఎస్‌నే వాడుతుంటే అది దాన్నీ కట్టేస్తుంది. అలాంటప్పుడు రెండో దశకు టీఎల్‌ఆర్2 లిగాండ్ అయిన పామ్3సీఎస్‌కే4 వాడాలి. మాస్ట్ కణాల్లో మాత్రం పాలీమిక్సిన్-బి పనికిరాదు, అదే వాటిని డీగ్రాన్యులేట్ చేస్తుంది (లోపలి రేణువులను బయటికి వదిలిస్తుంది).

రిసెప్టర్ తగ్గిందని నిరూపించడం

ఎంఆర్‌ఎన్‌ఏ చాలదు. అసలు మీ ఎంఆర్‌ఎన్‌ఏ ఫలితమే మళ్లీ చూడాలి, ఎందుకంటే రిఫరెన్స్ జీన్‌గా (పోల్చడానికి వాడే, మారకూడని జన్యువు) జీఏపీడీహెచ్ ఒక్కటే వాడారు. ఎల్‌పీఎస్ తగిలిన మాక్రోఫేజ్ గ్లైకాలిసిస్ పెంచుకుంటుంది, జీఏపీడీహెచ్ గ్లైకాలిసిస్ ఎంజైమే. దాని సీటీ విలువ (పీసీఆర్‌లో సిగ్నల్ కనబడే సైకిల్ సంఖ్య) 0.5 తగ్గితే చాలు, టీఎల్‌ఆర్4 ఏమాత్రం మారకపోయినా 0.71 రెట్లుగా, అంటే 29 శాతం తగ్గినట్టు లెక్క తేలుతుంది. బీ2ఎం కూడా వద్దు, ఇన్‌ఫ్లమేషన్‌లో అదీ పెరుగుతుంది. హెచ్‌పీఆర్‌టీ1, ఆర్‌పీఎల్‌పీ0 లాంటివి కనీసం రెండు తీసుకుని, మీ అన్ని బావుల్లోనూ అవి నిలకడగా ఉన్నాయని ముందు చూపించండి.

అసలు సాక్ష్యం ఫ్లో సైటోమెట్రీ (మెరిసే రంగు కట్టిన యాంటీబాడీతో కణం మీది ప్రోటీన్‌ను కొలవడం). మానవ కణాలకు హెచ్‌టీఏ125 అనే యాంటీబాడీ క్లోన్ వాడతారు. టీఎల్‌ఆర్4 ఉపరితలం మీద చాలా తక్కువ ఉంటుంది, మసక ఫ్లోరోక్రోమ్ వాడితే ఏమీ కనబడదు, పీఈ లాంటి ప్రకాశవంతమైనది తీసుకోండి. ఎఫ్‌సీ బ్లాక్ (యాంటీబాడీ తప్పు చోట అంటకుండా), చచ్చిన కణాల రంగు, ఎఫ్‌ఎంఓ కంట్రోల్ (ఒక్క రంగు తప్ప మిగతావన్నీ వేసినది) తప్పనిసరి. కణాలను ప్లేటు నుంచి ట్రిప్సిన్‌తో ఊడదీయొద్దు, పొర మీది ప్రోటీన్లను అది కోస్తుంది. మంచులో పెట్టిన 5 మిల్లీమోలార్ ఈడీటీఏ-పీబీఎస్ 15, 20 నిమిషాలు ఉంచి పిపెట్‌తో మెల్లగా ఊడదీయండి.

ఎలుక కణాలకు మారితే ఒక ప్రమాదం పొంచి ఉంది. ఎంటీఎస్510 అనే క్లోన్ ఎల్‌పీఎస్ తగులుకోని టీఎల్‌ఆర్4-ఎండీ2 జంటనే గుర్తుపడుతుంది. ఎల్‌పీఎస్ అంటుకోగానే ఆ సిగ్నల్ పడిపోతుంది, రిసెప్టర్ అక్కడే ఉన్నా సరే. దాన్ని చూసి "రిసెప్టర్ తగ్గింది" అనేస్తే తప్పు. ఎల్‌పీఎస్ ఉన్నా లేకపోయినా గుర్తుపట్టే ఎస్ఏ15-21 క్లోన్‌ను జతగా పెట్టాలి. మానవ కణాలయినా ఎలుక కణాలయినా, రిసెప్టర్ ఎంతుందో చూసే బావుల్లో ఎల్‌పీఎస్ వేయకముందే కొలవడం శ్రేయస్కరం: 0, 6, 12, 24, 48 గంటలకు. వీఐపీని 8 గంటలకోసారి మళ్లీ వేయండి, వెహికల్ కూడా అలాగే.

ఒక మాట గుర్తుంచుకోండి. మాడ్రిడ్ వాళ్ల పనిలో తగ్గింది ఉత్తేజం వల్ల పెరిగిన టీఎల్‌ఆర్4. విశ్రాంతిగా ఉన్న మీ కణాల్లో అసలే తక్కువున్న రిసెప్టర్ ఇంకా తగ్గితే అది కొలతకు అందకపోవచ్చు. అలా వస్తే టీఎన్‌ఎఫ్‌తో ముందు లేపి, ఆ పెరుగుదలను వీఐపీ ఆపుతుందేమో చూడండి.

సంకేతం వైపు తేల్చడానికి మూడు లిగాండ్లు పక్కపక్కన పెట్టండి: ఎల్‌పీఎస్ టీఎల్‌ఆర్4కు, పామ్3సీఎస్‌కే4 టీఎల్‌ఆర్2కు, పాలీ ఐ:సీ టీఎల్‌ఆర్3కు. వీఐపీ మూడింటికీ ఒకేలా టీఎన్‌ఎఫ్ తగ్గిస్తే అది కింది మెట్టులో, సైక్లిక్ ఏఎంపీ దగ్గర జరిగే పని. ఎల్‌పీఎస్‌కు మాత్రమే తగ్గి, ఫ్లోలో టీఎల్‌ఆర్4 కూడా తగ్గి ఉంటే అప్పుడు రిసెప్టర్ గురించి మాట్లాడే హక్కు వస్తుంది. వీఐపీని ఎల్‌పీఎస్‌తో పాటే వేసిన బావులు కూడా ఉండాలి. అక్కడా అంతే తగ్గితే 24 గంటల ముందస్తు కథకు బలం లేదు, ఎందుకంటే అంత తక్కువ సమయంలో రిసెప్టర్ తయారీ ఆగి ఉండదు. రిసెప్టర్ ఏదో చెప్పడానికి వీపీఏసీ1 అడ్డుకునే పీజీ 97-269, వీపీఏసీ2ను లేపే ఆర్ఓ 25-1553 ఉన్నాయి. హెచ్89 ఒక్కదాన్ని చూపి "పీకేఏ ద్వారా" అని రాయకండి, అది ఇతర కైనేజ్‌లనూ అడ్డుకుంటుంది.

సమయాలు కూడా సరిచూసుకోండి. ఎన్ఎఫ్-కప్పాబీని కట్టి ఉంచే ఐకప్పాబీ-ఆల్ఫా కరిగిపోవడం 15 నుంచి 30 నిమిషాల్లో చూడాలి, గంటకల్లా మళ్లీ తయారవుతుంది. టీఎన్‌ఎఫ్‌కు 4 నుంచి 6 గంటలు, ఐఎల్-6, ఐఎల్-10లకు 24 గంటలు. టీఎన్‌ఎఫ్ ఎలైసాలో పలచన చేయని సూపర్‌నేటెంట్ స్టాండర్డ్ కర్వ్ పైకి పోయి అన్నీ ఒకేలా కనబడతాయి, పదిరెట్లు పలచన కూడా పక్కన పెట్టండి. ప్రతి బావిలో ఎల్‌డీహెచ్ (చచ్చిన కణాల నుంచి కారే ఎంజైము) చూసి కణాలు బతికున్నాయని రుజువు పెట్టాలి. ఒకే రోజు మూడు బావులు అంటే ఎన్ విలువ 3 కాదు, 1. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు పాసేజ్‌లతో చేసినవే లెక్క.

సబ్‌స్టెన్స్-పి సంగతి

ఎన్‌కే1 రిసెప్టర్‌ను సబ్‌స్టెన్స్-పి నానోమోలార్ దగ్గరే పట్టుకుంటుంది. 10 మైక్రోమోలార్ దగ్గర మాత్రమే పని కనబడిందంటే అది ఎన్‌కే1 పని అయ్యే అవకాశం తక్కువ. వీఐపీ దగ్గర కొట్టిపారేసిన కల్తీ లెక్క ఇక్కడ తిరగబడుతుంది: 10 మైక్రోమోలార్ అంటే మి.లీ.కు 13.5 మైక్రోగ్రాములు, మిల్లీగ్రాముకు 100 యూనిట్ల కల్తీ ఉంటే బావిలో 1.35 యూనిట్లు. మీ టీఎన్‌ఎఫ్ దాన్నుంచే వచ్చి ఉండొచ్చు. ఇక్కడ పాలీమిక్సిన్-బి కంట్రోల్ సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే ఎల్‌పీఎస్ వేయట్లేదు.

ఇంకో రెండు కారణాలు చూడండి. టీహెచ్‌పీ-1 కణాలు మోనోసైట్ దశలో తోక తెగిన ఎన్‌కే1 రిసెప్టర్‌నే చూపిస్తాయి, దానికి కాల్షియం స్పందన ఉండదు. పూర్తి రిసెప్టర్ మాక్రోఫేజ్‌గా మారాకే వస్తుంది. సరిగా మారని కణాల్లో సబ్‌స్టెన్స్-పి నానోమోలార్ స్థాయిలో ఏమీ చేయకపోవడం వింత కాదు. రెండోది, దీని చివరన అమైడ్ లేకపోతే పెప్టైడ్ దాదాపు పనికిరాదు. అమైడ్ రూపం భారం 1,347.6, ఆమ్ల రూపం 1,348.6. ఒక్క డాల్టన్ తేడా, సర్టిఫికెట్‌లో మాస్ చూసి నిర్ధారించుకోండి. ఎన్‌కే1 అని చెప్పాలంటే దాన్ని అడ్డుకునే అప్రెపిటెంట్‌తో ఆ ప్రభావం పోవాలి. మాస్ట్ కణాల్లో మైక్రోమోలార్ సబ్‌స్టెన్స్-పి పనిచేసేది మనుషుల్లో ఎంఆర్‌జీపీఆర్‌ఎక్స్2 ద్వారా, ఎలుకల్లో ఎంఆర్‌జీపీఆర్‌బీ2 ద్వారా, దాన్ని అప్రెపిటెంట్ ఆపదు.

రోగుల రక్తం

చేయొచ్చు, చాలా విలువైన పని కూడా. కర్నూలు, కడప, అనంతపురం వైపు రోగుల మీద ఇలాంటి డేటా ఉంటే మనవాళ్లకే ఉపయోగం. కానీ ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికి వచ్చాకే మొదటి ట్యూబు. రక్తాన్ని కర్నూలు నుంచి కడపకు బస్సులో తెచ్చి ప్రాసెస్ చేయాలనుకోకండి. దాదాపు 200 కిలోమీటర్లు, ఈ ఎండలో మోనోసైట్లు దారిలోనే ఉత్తేజితమైపోతాయి. హెపారిన్ ట్యూబులో తీసిన రక్తాన్ని 4 గంటల్లోపు అక్కడే ఫైకాల్ ద్రావణం మీద వేరు చేసి, కణాలను అక్కడే కల్చర్ చేయాలి.

పెప్టైడ్ స్థాయి కొలవాలంటే వేరే ట్యూబు: ఈడీటీఏలో ముందే పెప్టైడ్‌ను కోసే ఎంజైములను ఆపే అప్రోటినిన్ (మి.లీ. రక్తానికి 500 కేఐయూ యూనిట్లు), డీపీపీ-4 నిరోధకం వేసి, మంచులో పెట్టి, 30 నిమిషాల్లోపు 4 డిగ్రీల దగ్గర సెంట్రిఫ్యూజ్. ఆలస్యమైతే మీరు కొలిచేది రోగి శరీరంలో ఉన్న వీఐపీని కాదు, ట్యూబులో మిగిలిన వీఐపీని.

అన్నిటికన్నా ముఖ్యం మందుల చీటీ. ప్రెడ్నిసొలోన్, మెథోట్రెక్సేట్ రాయడం అందరూ చేస్తారు. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఎండోసోముల్లోని టీఎల్‌ఆర్7, టీఎల్‌ఆర్9లను దెబ్బతీస్తుంది, అది కూడా రాస్తారు. మర్చిపోయేది షుగర్, బీపీ మందుల్ని. సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్ లాంటి గ్లిప్టిన్లన్నీ డీపీపీ-4 నిరోధకాలే, అవి వీఐపీనీ సబ్‌స్టెన్స్-పినీ కోసే ఎంజైమును ఆపుతాయి. ఎనలాప్రిల్, రామిప్రిల్ ఏసీఈని ఆపుతాయి, సబ్‌స్టెన్స్-పిని కోసే ఎంజైముల్లో అదీ ఒకటి. సాక్యుబిట్రిల్ నెప్రిలైసిన్‌ను ఆపుతుంది. నలభై దాటిన కీళ్లవాతం రోగుల్లో ఈ మందులు వాడేవాళ్లు ఎంతోమంది. వాళ్లను విడిగా గుర్తించకపోతే మీ గ్రాఫులో కనబడేది జబ్బు తేడా కాదు, మందు తేడా. రక్తం అందరికీ ఉదయం ఒకే వేళకు తీయండి, కార్టిసాల్ వేళను బట్టి మారుతుంది.

రోగులు "ఇది మందుగా వస్తుందా" అని అడిగితే ఆశ పెట్టకండి. కృత్రిమ వీఐపీ అయిన అవిప్టడిల్‌ను తీవ్రమైన కోవిడ్ రోగుల్లో టెసికో ట్రయల్‌లో పరీక్షించారు, లాభం చూపలేదు. టీఎల్‌ఆర్4ను నేరుగా అడ్డుకునే ఎరిటొరాన్ కూడా తీవ్రమైన సెప్సిస్‌లో మరణాలను తగ్గించలేకపోయింది, ఆ ఫలితం 2013లో వచ్చింది. ఎలుకల్లో ముందుగా ఇచ్చిన మందు పనిచేస్తుంది, మనిషి ఆసుపత్రికి వచ్చేసరికి టీఎల్‌ఆర్4 తన పని ఎప్పుడో చేసేసి ఉంటుంది. పైగా రక్తంలో వీఐపీ నిమిషాలకే పోతుంది.

ఇక మీ దగ్గర ఒక్క వయలే మిగిలిందని రాశారు. దాంతో ఈ వరసలో వెళ్లండి. మొదటి ట్యూబు సైక్లిక్ ఏఎంపీకి. అది పాసైతే, అల్ట్రాప్యూర్ ఎల్‌పీఎస్ డోస్ కర్వ్, దానికి వీఐపీ అక్కర్లేదు. ఆ తర్వాత ఒకే ప్లేటులో: వెహికల్, వీఐపీ, ఫోర్‌స్కోలిన్, 100 నానోమోలార్ డెక్సామెథసోన్ స్టెరాయిడ్, ఒక్కొక్కటి ఎల్‌పీఎస్ లేకుండా, ఎల్‌పీఎస్‌తో, పామ్3సీఎస్‌కే4తో. వీఐపీ ఒంటరి బావిలో టీఎన్‌ఎఫ్ ఏమాత్రం కనబడినా అక్కడే ఆపి ఎల్‌ఏఎల్ చేయించండి. కనబడకపోతే అదే పాసేజ్ కణాలతో మర్నాడు ఫ్లోకు కూర్చోండి. పాత మూడు ప్రయోగాల గ్రాఫుల్ని థీసిస్‌లో "ప్రాథమిక ఫలితాలు" కింద ఉంచొచ్చు, కానీ వాటి కింద ఎల్‌పీఎస్ గ్రేడు, మోతాదు, కంట్రోల్ బావిలో పోసిన ద్రావణం మూడూ స్పష్టంగా రాయండి. సబ్‌స్టెన్స్-పి గ్రాఫును మాత్రం పాలీమిక్సిన్-బి కంట్రోల్ వచ్చేదాకా థీసిస్‌లో పెట్టకండి.